సగం చుక్కాని

ఆ చలికాలం మా బాబాయి నోటికి డాక్టరు తాళం వేశాడు. గొంతులో చిన్న చిన్న కాయలు లేచాయట. కోసి తీసేశారు. చలికాలం అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుసలు అసలే వద్దు, మామూలు మాటకంటే గుసగుస ఎక్కువ చేటు అని చెప్పి ఇంటికి పంపారు. ఇంతా చేసి బాబాయి పనే మాట్లాడడం.

బాబాయి, పిన్ని కలిసి సముద్రం ఒడ్డు పట్నంలో ఒక పాత ఆకుపచ్చ లాంచీ నడుపుతారు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లను ఎక్కించుకుని, కాలువల వెంట తాపీగా తిప్పి, సముద్రం కనిపించేదాకా తీసుకెళ్లి వెనక్కి తెస్తారు. పిన్ని వెనకాల చుక్కాని పట్టుకుంటుంది. బాబాయి ముందు మైకు పట్టుకుని, ఎడమవైపు చూడండి, కుడివైపు చూడండి అంటూ జనాన్ని నవ్విస్తాడు. తాళ్లు కట్టడానికి, విప్పడానికి ఒక మనిషి కావాలని పిన్ని కబురు పెడితే మా అమ్మ నన్ను పంపింది. ఊళ్లో బడి సెలవులు. "దాని నోట్లోంచి మాట రాదు గానీ చేతులు మాత్రం చురుకే" అని అమ్మ ఫోనులో చెప్పడం విన్నాను.

కాదనలేను. బళ్లో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది మా పంతులమ్మకి ఏనాడూ వినపడలేదు. తలెత్తి చూసి, కనపడితే ఉన్నట్టు రాసుకునేది. నేను చెప్పాలనుకున్నవన్నీ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. అందులో నేను చాలా వాగుడుకాయను.

వాళ్ల ఇల్లు తాళ్లు అమ్మే కొట్టు మీద రెండు గదులు. వంటింటి కిటికీ తెరిస్తే కింద కాలువ. నేను వెళ్లేసరికి బాబాయి మెడలో పలక వేలాడదీసుకుని ఉన్నాడు. నన్ను చూడగానే సుద్దముక్కతో గబగబా రాసి చూపించాడు: "ఇంట్లో ఇక ఇద్దరం మూగవాళ్లం. మీ పిన్నికి పండగే."

"పండగా, నా బొందా!" అంది పిన్ని గిన్నెలు తోముతూనే. "ఈయన బదులు అందరితో వాగీ వాగీ నాకు గొంతు పోయేలా ఉంది."

ఆ రోజు అన్నాల దగ్గర అసలు విషయం తెలిసింది. ఊరి నడిబొడ్డున ముందు రేవు ఉంది. బస్సులు దిగిన జనం అంతా అక్కడికే వస్తారు. అందులో మధ్య చోటు ఇన్నేళ్లుగా మా లాంచీదే. సీజను చివర్లో రేవు ఆఫీసరు ఒక్కో లాంచీలో మామూలు మనిషిలా తిరిగి చూసి, వచ్చే ఏడు ఎవరికి ఏ చోటో తేలుస్తాడు. ఎండ ఉన్నా వాన ఉన్నా చేతిలో గొడుగు వదలడు కాబట్టి ఆయన్ని అందరూ గొడుగాయన అంటారు. తెల్ల లాంచీల యజమాని ఆ మధ్య చోటు తనకి కావాలని అడిగాడట. అతని లాంచీలు కొత్తవి, అద్దాల కిటికీలు, మెత్తటి కుర్చీలు. వివరాలు చెప్పడానికి మనిషి అక్కర్లేదు. రికార్డు చేసిన గొంతు తనంతట తనే మాట్లాడుతూ ఉంటుంది.

"మనకి రాకపోతే?" అన్నాను.

పిన్ని నావైపు వింతగా చూసింది. వచ్చాక నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

"చేపల షెడ్ల వెనక రేవుకి పొమ్మంటారు. అటు పిల్లి కూడా పోదు. ఇక లాంచీ అమ్మేసుకోవడమే. మీ బాబాయి పలక పట్టుకుని ఇంట్లో, నేను ఇంకెవరి లాంచీలోనో కూలికి."



మొదటి వారం మైకు లేకుండానే నడిచింది. జనం ఎక్కి, కాసేపు చూసి, "ఏమ్మా, చెప్పేవాళ్లెవరూ లేరా?" అని అడిగేవారు. పిన్ని వెనకనుంచి అరిచి చెబుదామంటే ఇంజను హోరులో ఒక్క ముక్క వినపడేది కాదు. రేవులో తెల్ల లాంచీ నడిపే సన్నాయన మా పక్కనుంచి పోతూ, "మూగ లాంచీ ఎక్కండి బాబూ, ప్రశాంతంగా నిద్రపోవచ్చు" అని కేకేసేవాడు. పిన్ని పళ్లు నూరేది. బాబాయి మెడ నరాలు ఉబ్బేవి. ఆయన దగ్గర దీటైన జవాబు ఉందని, అది గొంతులోనే ఉడికిపోతోందని చూస్తే తెలిసిపోయేది.

ఒక ఉదయం లాంచీ నిండా జనం ఉండగా పిన్ని వచ్చి మైకు నా చేతిలో పెట్టింది.

"నేనా?"

"నువ్వే. నీ వెనక ఇంకెవరూ లేరు."

"పిన్నీ, నాకు రాదు."

"రోజూ ఎక్కుతున్నావు, చూస్తున్నావు. కళ్లకి కనపడింది చెప్పు. ఎడమవైపుంటే ఎడమ, కుడివైపుంటే కుడి. అంతేగా?"

అంతే అనుకున్నాను నేను కూడా. మొదటి వంతెన కింద ఏదో గొణిగాను. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటే పిల్లా, నీలో నువ్వే చెప్పుకుంటున్నావా?" అంది. అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

కాలువ ఒకచోట మోచెయ్యిలా ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. మోచేతి మలుపు అంటారు. అక్కడ బాబాయి ఏం చెప్పేవాడో నాకు గుర్తు రాలేదు. లాంచీ కుడికే కదా తిరిగేది అనుకుని, "కుడివైపు చూడండి" అన్నాను. అందరూ బెంచీల మీద కుడికి జరిగారు. అంతే, లాంచీ ముక్కు నేను అనుకున్నదానికి విరుద్ధంగా ఎడమకి తిరిగింది. వెనకనుంచి పిన్ని పెట్టిన కేక నాకు ఇంకా గుర్తుంది. గోడకి లాంచీ బర్రున రాసుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ముసలావిడ ఒళ్లోని కమలాపండు మాత్రం నీళ్లలో పడింది.

రేవుకి చేరాక తాడు కట్టి, ఆ తాడు పక్కనే కూలబడ్డాను. పిన్ని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"తప్పు నాది. నీకు ఎవరం చెప్పలేదు" అంది. "మాకది ఊపిరి పీల్చినట్టే. చెప్పాలని కూడా తోచదు. ఇది అడుగు చదునుగా ఉండే పాత లాంచీ. జనం ఎడమకి ఒరిగితే ముక్కు కుడికి తిరుగుతుంది, కుడికి ఒరిగితే ఎడమకి. ఆ మలుపులో ఒట్టి చుక్కానితో తిప్పడం నా వల్ల కాదు. అందుకే మీ బాబాయి అక్కడ ఎప్పుడూ ఎడమవైపు పూలకుండీల వసారా చూడమంటాడు. జనం అటు జరుగుతారు, ఇది ఇటు తిరుగుతుంది. ఆయన ఊరికే కబుర్లు చెబుతున్నాడనుకున్నావా? సగం చుక్కాని ఆయనే."

ఆ సాయంత్రం బాబాయి వంటింట్లో నాకు బడి పెట్టాడు. స్నానాల తొట్టి నిండా నీళ్లు పోసి, పొడుగాటి రేకు పెట్టె మూత అందులో వదిలాడు. ఉల్లిపాయలు తెచ్చి రెండు వరుసల్లో పేర్చాడు. అవి ప్రయాణికులు. ఉల్లిపాయలను ఎడమకి జరిపి మూతని వేలితో ముందుకి నెట్టాడు. మూత కుడికి తిరిగింది. నేను కుడికి జరిపాను. మూత ఎడమకి పోయి తొట్టి అంచుకి కొట్టుకుంది. బాబాయి పలక ఎత్తాడు: "పొద్దున నువ్వు చేసింది ఇదే. ఉల్లిపాయలు క్షేమం."

"ఆ ఉల్లిపాయలు తడిపేస్తే కూరకి ఏం వెయ్యను?" అంటూ పిన్ని తలుపు దగ్గరనుంచి అరిచింది. తనే వచ్చి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని తొట్టి పక్కన కూర్చుని, ఏ వంతెన దగ్గర జనం ఎటు జరగాలో ఉల్లిపాయలతో చూపించింది.

ఎక్కడ ఎటు చూపించాలో వచ్చేసింది. ఏం చూపించాలన్నదే మిగిలింది. బాబాయి కథలు నా నోట్లో అతకలేదు. రాజులు, దొంగలు, ఓడ మునిగిన వర్తకుడు... అవి నేను చెబితే పాఠం అప్పజెప్పినట్టు ఉండేది. కాలువమీంచి చూస్తే ఊరు వెనకనుంచి కనపడుతుంది. వీధివైపు రంగులు, బోర్డులు, మెట్లు. కాలువవైపు ఆరేసిన బట్టలు, వంటింటి కిటికీలు, మసిపట్టిన గొట్టాలు. రోజూ డైరీలో నేను రాసుకునేది వాటి గురించే. ఒకరోజు చెప్పడానికి మరేమీ తోచక, అవే చెప్పాను.

"ఎడమవైపు మూడో కిటికీలో ఒకాయన ఉన్నాడు, చూడండి. పెద్ద హోటల్లో వంటవాడు. ఇంటికొచ్చాక మాత్రం వాళ్లావిడ వండుతుంటే పక్కన నిలబడి వంకలు పెడతాడు. ఇవాళ ఆవిడ గరిటె చూపిస్తోంది."

జనం గొల్లున నవ్వారు. కిటికీలో ఆయన మావైపు చూసి సిగ్గుపడి లోపలికి పోయాడు. ఆవిడ మాత్రం గరిటె ఊపింది. మర్నాటినుంచి మా లాంచీ వచ్చే వేళకి ఆవిడ గరిటెతో కిటికీలో సిద్ధంగా ఉండేది.

నా గొంతు పెద్దగా పెరగలేదు. అయినా జనమే నోళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టారు. వినపడక అందరూ నావైపు ముందుకి వంగేవారు. దానితో ఇంకో తంటా వచ్చింది.

"ఒసేయ్, ఇంకాస్త గట్టిగా చెప్పవే!" అంది పిన్ని రేవులో దిగాక. "అందరూ ముందుకి వంగితే ముక్కు నీళ్లలో దిగుతోంది. నా వైపు తోక గాలిలో లేస్తోంది. నేను చుక్కానితో గాలిని తిప్పాలా?"

బాబాయి పొట్ట పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వాడు. పలక మీద, "ఇంతమందిని ముందుకి వంచడం నా వల్ల ఎప్పుడూ కాలేదు" అని రాసి నాకు మాత్రమే చూపించాడు.

లాంచీ లాంచీ పోల్చుకుని, మా కోసం ఆగేవాళ్లు వచ్చారు. "గరిటె ఆవిడ్ని చూపించే లాంచీ ఏది?" అని అడుగుతూ వచ్చేవారు. సన్నాయన మూగ లాంచీ అనడం మానేశాడు. "ఆ పిల్ల ఏం చెబుతుందో మీకు వినపడదు" అని కొత్త పాట అందుకున్నాడు. "వినపడకపోతే దగ్గరికి జరుగుతారు నాయనా, నీలా దూరంగా కూర్చోరు" అంది పిన్ని. రేవంతా నవ్వింది.

గొడుగాయన వచ్చిన రోజు మబ్బు పట్టి, సముద్రం మీంచి ఎముకలు కొరికే గాలి వీస్తోంది. జనం శాలువాలు, మఫ్లర్లు చుట్టుకుని కూర్చున్నారు. ఆయన కుడివైపు బెంచీ చివర కూర్చుని గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ముఖంలో ఏ భావమూ లేదు. బాబాయి నా పక్కన తాళ్ల దగ్గర నిలబడ్డాడు. పలక ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.

గరిటె ఆవిడ వరకు బాగానే నడిచింది. గొడుగాయన నవ్వలేదు, చలికి చేతులు రుద్దుకున్నాడు. మోచేతి మలుపు దగ్గరికి వచ్చాం. "ఎడమవైపు వసారాలో పూలకుండీలు చూడండి" అన్నాను. అందరూ ఎడమకి జరిగారు. ముక్కు కుడికి తిరిగింది.

మలుపు అవతల తెల్ల లాంచీ అడ్డంగా ఆగిపోయి ఉంది. దాని ఇంజను రెక్కకి నాచు చుట్టుకున్నట్టుంది. సన్నాయన వెనకాల వంగి కర్రతో పొడుస్తున్నాడు. దాని తోక ఎడమవైపు కాలువని మూసేసింది. కుడిన గోడ వెంట సందు ఉంది, మా లాంచీ పట్టేంత. మా ముక్కు మాత్రం ఇంకా కుడికే తిరుగుతూ గోడ మీదికి పోతోంది. దాని లోపల రికార్డు గొంతు మాత్రం ఆగకుండా, "ఇప్పుడు మీ ముందు కనిపిస్తున్నది అనంతమైన సముద్రం" అని చెబుతోంది. వాళ్ల ముందు ఉన్నది ఇటుక గోడ.

"కుడికి!" అని వెనకనుంచి పిన్ని గొంతు వినపడింది. ఆ ఒక్క మాటే.

నాకు అర్థమైంది. జనం కుడికి జరిగితే ముక్కు ఎడమకి పోయి సందులో పడుతుంది. జరగకపోతే నేరుగా గోడలోకే. లేవండి, జరగండి అని అరిస్తే భయపడి అందరూ నిలబడతారు. నిలబడితే లాంచీ ఎటు ఒరుగుతుందో ఎవరికి తెలుసు? పసిపిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు. ఇక కుడివైపు చూద్దామా అంటే చూడ్డానికి ఏమీ లేదు. కిటికీ లేదు, తలుపు లేదు. ఒట్టి గోడ. మలుపు మొదలునుంచి చివరిదాకా ఎత్తైన, నల్లటి, పనికిరాని గోడ.

బాబాయి నోరు తెరిచాడు. తెరిచి, మూశాడు. నావైపు చూశాడు.

"ఇప్పుడు కుడివైపు," అన్నాను. నా గొంతు నాకే వేరేలా వినిపించింది, తొందర లేకుండా. "అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఆ గోడ వెనక రొట్టెల బట్టీ ఉంది. రోజంతా పొయ్యిలు మండుతూనే ఉంటాయి. చలేస్తున్నవాళ్లు లేవకుండా, కూర్చునే అటు జరిగి, ముఖం గోడవైపు పెట్టండి. చేతులు బయట పెట్టకండి. వెచ్చగా తగులుతుంది."

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. అప్పుడు వెనక బెంచీలో ఒకావిడ ఒళ్లో బిడ్డతో కుడికి జరిగింది. "నిజమేనండీ! పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది" అంది. అంతే, అందరూ జరిగారు. శాలువాలు, మఫ్లర్లు అన్నీ కుడివైపు గుట్టగా పడ్డాయి. లాంచీ కుడికి ఒరిగింది. ముక్కు ఎడమకి తిరిగింది. తెల్ల లాంచీ అద్దాలు మా ఎడమ అంచు పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, మెల్లగా వెనక్కి జరిగిపోయాయి. లోపల కూర్చున్నవాళ్లు మావైపు చూస్తున్నారు. మావాళ్లు ఒక్కరు కూడా వాళ్లవైపు చూడ్డం లేదు. అందరూ కళ్లు మూసుకుని గోడకి బుగ్గలు చూపిస్తున్నారు. రొట్టె కాలుతున్న వాసన లాంచీ అంతా నిండింది.

గొడుగాయన కూడా కళ్లు మూసుకున్నాడు. గొడుగు జారి కింద పడినా తియ్యలేదు.

గోడ దాటాక వెనక్కి తిరిగి చూశాను. పిన్ని చుక్కాని కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది. పైట చెంగుతో ముఖం తుడుచుకుని, ఇక పద అన్నట్టు గడ్డం ఎగరేసింది. నేను మళ్లీ మైకు అందుకుని తర్వాతి వంతెన గురించి చెప్పాను.

రేవులో దిగేటప్పుడు గొడుగాయన నా దగ్గర ఆగాడు.

"ఆ గోడ సంగతి నీకెవరు చెప్పారమ్మాయ్?"

"ఎవరూ చెప్పలేదండి. పొద్దున్నే చలేసినప్పుడు అటువైపు కూర్చుంటాను."

"ఊఁ" అని గొడుగు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ ఊఁ అంటే ఏమిటని ఆ వారమంతా పిన్నీ నేనూ ఇంట్లో తర్కించుకున్నాం. మంచిదేనంటాను నేను. "ఆఫీసర్ల ఊఁలు నీకు తెలీవు, ఊరుకో" అంటుంది పిన్ని. బాబాయి పలక మీద పెద్ద ఊఁ రాసి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు.

సీజను చివరి ఉదయం ఎండ కాసింది. లాంచీ నిండింది. ఇంకా ఎక్కుతామని గట్టు మీద నిలబడ్డవాళ్లున్నారు. పక్క చోట్లో సన్నాయన అద్దాలు తుడుస్తున్నాడు. తాడు విప్పబోతుంటే గొడుగాయన రేవు మెట్లు దిగి మావైపు రావడం కనిపించింది. పిన్ని చుక్కాని వదిలి ముందుకి వచ్చింది. బాబాయి తాడు ముడి గట్టిగా పట్టుకున్నాడు. గొడుగాయన మా ముగ్గురినీ ఒకసారి చూశాడు.

"మీ తాళ్లు ఇక్కడే ఉంచండి," అన్నాడు. "వచ్చే ఏడు కూడా ఈ మధ్య చోటు మీదే."

"మనదేనే!"

రేవంతా అదిరింది. గట్టు మీద పావురాలు లేచిపోయాయి. సన్నాయన చేతిలో గుడ్డ జారిపోయింది. ఎవరు అరిచారో తెలియడానికి నాకు కాసేపు పట్టింది. బొంగురుగా, చిరిగిన తెరచాపలా ఉన్న ఆ గొంతు బాబాయిది. నేను వచ్చాక మొదటిసారి విన్నాను.

"నోరు ముయ్యండి!" పిన్ని రెండు చేతులతో ఆయన మూతి నొక్కేసింది. ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "డాక్టరు ఇంకా వారం ఆగమన్నాడు! ఇన్నాళ్లు ఊరుకుని ఇప్పుడు కొంప ముంచుతారా! నోరు ముయ్యమంటే!"

బాబాయి ఆమె చేతుల వెనకనుంచి కూడా నవ్వుతూనే ఉన్నాడు. జనం ఏమైందో తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. గొడుగాయన తెరిచే అవసరం లేని గొడుగు తెరిచి, దాని చాటున ముఖం పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. నవ్వుతున్నాడో ఏమో, నాకు కనపడలేదు.

పిన్ని వెనక్కి వెళ్లి ఇంజను వేసింది. బాబాయి నా పక్కన నిలబడలేదు. మైకు వంక చూడను కూడా చూడలేదు. మూడో వరుసలో ఇద్దరు ఆడవాళ్లను కాస్త జరగమని సైగ చేసి, వాళ్ల మధ్య ప్రయాణికుడిలా కూర్చుని, చేతులు కట్టుకుని నావైపు చూశాడు.

మొదటి వంతెన దాటాం. గరిటె ఆవిడకి చేతులూపాం. మోచేతి మలుపు దగ్గరికి వచ్చేసరికి వసారాలో పూలకుండీలు లేవు. ఎవరో కడగడానికి లోపలికి తీసుకెళ్లినట్టున్నారు. ఆ చోట ఒక చిన్న పిల్ల ఎత్తు స్టూలు మీద కూర్చుని, జడ వేయించుకుంటూ ఏడుస్తోంది.

"ఎడమవైపు చూడండి," అన్నాను. "అక్కడ ఒక మహారాణికి సింగారం జరుగుతోంది. ఆవిడకి అది బొత్తిగా ఇష్టం లేదు."

అందరికంటే ముందు బాబాయి ఎడమకి జరిగాడు. ఆయన భారీ మనిషి. పక్కనున్న ఆడవాళ్లు కెవ్వుమని నవ్వుతూ ఆయనతోపాటే జరిగారు, తక్కిన జనమంతా వాళ్ల వెనకే. లాంచీ బాగా ఒరిగింది. ముక్కు కుడికి తిరిగింది, గోడకి ఎక్కడా తగలకుండా, వెన్నలో కత్తి దిగినట్టు. చుక్కాని దగ్గరనుంచి పిన్ని గొంతు వినపడింది:

"అదీ! అలా చెప్పాలి!"

ఎదురుగా, ఇళ్ల చివర, సముద్రం తెరుచుకుంటోంది. నేను మైకు నోటికి ఇంకాస్త దగ్గరగా తెచ్చుకున్నాను.